డాబా మీద పుప్పొడి వల: నెమలినార సీజను ప్రాజెక్టు డైరీ

ఏం కొలవాలి, ఎందుకు

హైదరాబాదులో జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా తుమ్ములు, కళ్ళ దురద, రాత్రిపూట పిల్లికూతలు మొదలైతే జనం నింద వేసేది కళ్ళకు కనిపించే వాటి మీద. రోడ్డు మధ్య కోనోకార్పస్ మీద, గాలిలో తేలే దూది మీద, రావిచెట్టు మీద కూడా. రావి, మర్రి, మేడి పుప్పొడి అసలు గాలిలోకి రాదు. అది కాయలాంటి ఆ పూగుత్తి లోపలే ఉండి కందిరీగ జాతి చిన్న పురుగుల ద్వారానే బయటపడుతుంది. అదే సమయంలో ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడ్డ నెమలినార (తపసి, నాలి అని కూడా అంటారు) కొమ్మల నిండా చిన్న పూలతో గాలిలోకి పుప్పొడి వదులుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఈ ప్రాజెక్టు ప్రశ్న ఒకటే: ఆ పుప్పొడి ఏ గంటలో, ఏ గాలికి, ఏ తేమలో మన ముక్కు ఎత్తుకు వస్తుంది? రోజుకొక అంకె చాలదు. రెండేసి గంటల లెక్క కావాలి, పక్కనే అదే రెండు గంటల వాతావరణం కావాలి.

కొలిచే చోటు నాలుగంతస్తుల ఇంటి డాబా. ఆగ్నేయంగా సుమారు 250 మీటర్ల దూరంలో ఒక పాత ప్రాంగణం గోడ వెంట నెమలినార చెట్ల వరుస, ఎత్తు 15 మీటర్ల దాకా.

డిసెంబరు: యంత్రం

పుప్పొడి పట్టే పద్ధతులు మూడు. అన్నిటికంటే తేలిక 1946 నాటి డర్హమ్ పద్ధతి: 23 సెం.మీ. వ్యాసం ఉన్న రెండు పళ్ళేలు, మధ్య 7.6 సెం.మీ. ఎడం, కింది పళ్ళెం మీద 2.5 సెం.మీ. ఎత్తులో జిగురు పూసిన స్లయిడు. కరెంటు అక్కర్లేదు. కానీ ఎంత గాలి స్లయిడు మీదుగా పోయిందో తెలియదు, కాబట్టి ఘనపు మీటరుకు ఎన్ని అని చెప్పలేం. పైగా గాలి వేగం మారితే పడే తీరే మారిపోతుంది. గాలి ప్రభావాన్ని కొలవాలనుకున్నప్పుడు గాలికి లొంగే కొలబద్ద పనికిరాదు. రెండోది 1952 నాటి హర్స్ట్ తరహా పీల్చే యంత్రం. నిమిషానికి 10 లీటర్లు పీలుస్తూ, గంటకు 2 మి.మీ. జరిగే టేపు మీద వారం రోజుల చరిత్ర రాస్తుంది. ప్రపంచమంతా దాన్నే ప్రమాణంగా వాడుతోంది, కానీ ధర మన అందుబాటులో లేదు. మూడోది తిరిగే కడ్డీల రోటోరాడ్. ఇంట్లో చేసుకోదగ్గది ఇదే.

సూత్రం సులువు. జిగురు పూసిన రెండు సన్నటి కడ్డీలు గాలిలో వేగంగా తిరుగుతాయి. గాలి పక్కకు తప్పుకుంటుంది, బరువున్న రేణువు తప్పుకోలేక వచ్చి కడ్డీకి అతుక్కుంటుంది. మా కొలతలు: కడ్డీ వెడల్పు 2 మి.మీ., బయటికి ఉండే పొడవు 22 మి.మీ., ఇరుసు నుంచి దూరం 42 మి.మీ., నిమిషానికి 2400 చుట్లు. ఒక చుట్టుకు కడ్డీ ప్రయాణం 26.4 సెం.మీ. కాబట్టి వేగం సెకనుకు 10.6 మీటర్లు. రెండు కడ్డీలూ కలిసి నిమిషానికి ఊడ్చే గాలి 55.7 లీటర్లు. ఈ వేగంలో 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు దాదాపు తప్పించుకోదు, 15 మైక్రాన్లదీ బాగానే దొరుకుతుంది. 5 మైక్రాన్ల ముక్కలు మాత్రం గాలితోపాటే పక్కకు జారిపోతాయి. ఈ హద్దు గుర్తుంచుకోవాలి, వాన దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

కడ్డీలకు 2 మి.మీ. అక్రిలిక్ షీటు తీసుకుని లేజర్‌తో 32 మి.మీ. ముక్కలు కోయించాలి. 2 మి.మీ. వెడల్పుకు కోయించినా కాలిపర్‌తో కొలిస్తే 1.8 కూడా ఉండవచ్చు. వెడల్పు తప్పితే గాలి లెక్క అంతే శాతం తప్పుతుంది, కాబట్టి ప్రతి కడ్డీనీ కొలిచి పెట్టుకోవాలి. జిగురు పూయాల్సింది లేజరు తగిలిన అంచుకు కాదు, షీటు అసలు నున్నటి ముఖానికి. లేజరు కోత దగ్గర అక్రిలిక్‌లో ఒత్తిడి మిగిలి ఉంటుంది. తర్వాత రంగు ద్రావణంలోని ఆల్కహాలు తగిలితే అక్కడినుంచి సన్నటి పగుళ్ళు పాకుతాయి, మైక్రోస్కోపులో అవి రేణువుల మధ్య వెంట్రుకల్లా కనిపించి లెక్క చెడగొడతాయి. కోసిన ముక్కల్ని 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఓవెన్‌లో ఉంచి, ఓవెన్ కట్టేసి లోపలే చల్లారనిస్తే ఆ ఒత్తిడి పోతుంది.

మోటారు 12 వోల్టుల మామూలు డీసీ మోటారు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు, దిగాక 11.5. వేగం కూడా దాదాపు అదే నిష్పత్తిలో, అంటే 9 శాతం దాకా పడిపోతుంది. అందుకని కడ్డీలు బిగించే హబ్ మీద చిన్న అయస్కాంతం, పక్కన అది దాటినప్పుడల్లా ఒక పల్సు ఇచ్చే హాల్ సెన్సరు, దాన్ని చూసి వేగం సర్దే ఈఎస్‌పీ32 బోర్డు. సెకనుకు పడే పల్సులు లెక్కపెడితే 40లో ఒకటి అటూ ఇటూ అయినా 2.5 శాతం తేడా. పల్సుకూ పల్సుకూ మధ్య 25 మిల్లీసెకన్ల వ్యవధిని కొలిస్తే వేగం చక్కగా నిలబడుతుంది.

2400 చుట్ల దగ్గర కడ్డీ మీద పడే లాగుడు దాని బరువుకు 270 రెట్లు. 0.15 గ్రాముల కడ్డీ 40 గ్రాముల బరువులా బయటికి లాగుతుంది. బిగుతుగా దూర్చి వదిలేస్తే ఎండకు గాడి వదులై కడ్డీ ఎగిరిపోతుంది. చిన్న గ్రబ్ స్క్రూ తప్పనిసరి, పరీక్షించేటప్పుడు కళ్ళద్దాలు కూడా. మోటారు తీగలు తిరగేసి కలిపితే జిగురు ముఖం వెనక్కి వెళ్ళిపోతుంది. యంత్రం శుభ్రంగా తిరుగుతుంది, కడ్డీ ఖాళీగా వస్తుంది. హబ్ మీద తిరిగే దిక్కు బాణం గీసి, కడ్డీ జిగురు ముఖం పైభాగాన మార్కరు చుక్క పెట్టాలి.

ఇంకో చిక్కు యంత్రం ఆగి ఉన్నప్పుడు వస్తుంది. గాలి వీస్తుంటే ఆగిన కడ్డీ మీద కూడా రేణువులు పడతాయి, ఈదర ఎక్కువైన కొద్దీ ఎక్కువ. కంపెనీ యంత్రాల్లో కడ్డీలు ఆగగానే లోపలికి ముడుచుకుంటాయి. ఇంట్లో ఆ పని 110 మి.మీ. పీవీసీ పైపు ముక్క చేస్తుంది. మామూలు సర్వో మోటారుతో అది కిందికి దిగి కడ్డీలను కప్పుతుంది, తిరిగే ముందు పైకి లేస్తుంది. ఈ తొడుగు లేకుండా తీసిన లెక్కల్లో గాలి పెరిగితే పుప్పొడి పెరిగినట్టు కనిపిస్తుంది, అది పుప్పొడి సంగతి కాదు, యంత్రం సంగతి.

నడిపే పద్ధతి: ప్రతి 10 నిమిషాలకు 30 సెకన్లు. వేగం అందుకోవడానికి పట్టే రెండు సెకన్లు అదనం. రెండు గంటలకు మొత్తం 6 నిమిషాలు, 334 లీటర్లు. రెండు కడ్డీల మీద కలిపి 24 రేణువులు దొరికితే 24ను 0.334తో భాగించాలి, ఘనపు మీటరుకు 72. ఒక్కో రేణువు విలువ సుమారు 3 అని పెట్టుకుంటే డాబా మీదే నోటి లెక్క అయిపోతుంది. ఇంకా ఎక్కువసేపు తిప్పాలని అనిపిస్తుంది కానీ వద్దు. మన రోడ్ల దుమ్ము కడ్డీని నింపేస్తే తర్వాత వచ్చిన రేణువుకు అతుక్కునే చోటే ఉండదు.

జనవరి మొదట్లో: జిగురు, రంగు, నమూనా స్లయిడ్లు

జిగురు కోసం పెట్రోలియం జెల్లీ వాడకండి. చలికాలం పొద్దున బాగానే ఉంటుంది, ఏప్రిల్ ఎండకు కరిగి జారి, తిరిగే బలానికి అంచులకు చేరుతుంది. సిలికాన్ గ్రీజు నిలబడుతుంది. గ్లవ్ వేసుకుని వేలితో పూసి, ఇంకో కడ్డీ అంచుతో గీకేయాలి. చూస్తే పూసినట్టు తెలియకూడదు, ముట్టుకుంటే అంటుకోవాలి. మందంగా ఉంటే రేణువు మునిగిపోతుంది, రంగు దాని దాకా చేరదు. ప్రతి విడతలో ఒక కడ్డీకి గ్రీజు పూసి, డాబా పైకి తీసుకెళ్ళి, తిప్పకుండానే తిరిగి తీసుకొచ్చి దాన్నీ లెక్కపెట్టాలి. అందులో రేణువులు కనిపిస్తే డబ్బాలోనో చేతుల మీదో పుప్పొడి ఉన్నట్టు.

రంగుకు కాల్బెర్లా ద్రావణం: గ్లిజరిన్ 5 మి.లీ., 95 శాతం ఇథనాల్ 10 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 15 మి.లీ., అందులో బేసిక్ ఫుక్సిన్ నిండు ద్రావణం రెండు చుక్కలు. మూడో చుక్క వేస్తే వెనకంతా ఎర్రబడి రంధ్రాలు కనిపించవు. గాడి కోసిన పలక మీద కడ్డీ పెట్టి, చుక్క వేసి, కవర్ స్లిప్ కప్పి, పది నిమిషాలు ఆగాలి. పుప్పొడి పైపొర గులాబీ రంగుకు తిరుగుతుంది, దుమ్ము తిరగదు. 400 రెట్లలో కడ్డీ మొత్తాన్ని పొడవునా అయిదు వరుసలుగా చూడాలి. మధ్యలో ఒక వరుస చూసి అయిదుతో హెచ్చవేయడం కుదరదు, కడ్డీ అంచుల్లో రేణువులు మధ్యలో పడ్డట్టు పడవు.

గాలిలో వచ్చింది ఏ చెట్టుదో చెప్పాలంటే ముందు ఆ చెట్టు దగ్గరికే వెళ్ళి పూత తెచ్చి, బటర్ పేపర్ మీద ఆరబెట్టి, రాలిన పొడితో నమూనా స్లయిడు చేసి, అంచుకు నెయిల్ పాలిష్ వేసి దాచుకోవాలి. నెమలినార రేణువు గుండ్రం, 25 నుంచి 30 మైక్రాన్ల మధ్య, చుట్టూ నాలుగైదు రంధ్రాలు. సరుగుడు ఇంచుమించు అదే సైజు, కానీ మూడే రంధ్రాలు, అవి కాస్త ఉబ్బి మూలలు తేలినట్టు ఉంటాయి. ఈత రేణువు పడవలా ఒకే గాడితో ఉంటుంది. జామాయిల్ త్రికోణం. తోటకూర జాతి కలుపుకు ఒళ్ళంతా రంధ్రాలు. గడ్డి జాతులకు ఒకే రంధ్రం, చుట్టూ ఉంగరం. వయ్యారిభామ చిన్నది, ముళ్ళతో ఉంటుంది. ఆస్ట్రేలియా తుమ్మ అయితే 16 రేణువులు కలిసి బిళ్ళలా వస్తుంది, దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా పదహారుగానా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. మేము ఒకటిగా పెడుతున్నాం.

తికమక పెట్టేది నెమలినార, సరుగుడు జంటే. రేణువు పక్కకు తిరిగి పడితే రెండు మూడు రంధ్రాలే కనిపిస్తాయి. కవర్ స్లిప్‌ను పెన్సిల్ మొనతో మెల్లగా తట్టితే రేణువు దొర్లుతుంది, మిగతా రంధ్రాలు బయటపడతాయి.

జనవరి మధ్య: వాతావరణ స్తంభం

మూడు కప్పుల గాలి మీటరు, గాలి దిక్కు చూపే రెక్క, వాన గేజీ కలిసి ఒక సెట్టుగా దొరుకుతాయి. సెకనుకు ఒక పల్సు అంటే గంటకు 2.4 కిలోమీటర్ల గాలి. వాన గేజీలో ఒక్కో తొట్టి ఒరుగుడు 0.2794 మి.మీ. గంట సగటు ఒక్కటే రాస్తే సరిపోదు. మూడు సెకన్ల విసురులో గరిష్ఠం ఎంతో వేరే నిలువు గడిలో రాయాలి, కొమ్మను ఊపేది విసురే.

దిక్కుల సగటు మామూలు సగటు కాదు. 350 డిగ్రీలు, 10 డిగ్రీలు రెండూ ఉత్తర గాలే, కూడి సగం చేస్తే 180 వచ్చి దక్షిణం అయిపోతుంది. ప్రతి రీడింగునూ తూర్పు, ఉత్తర భాగాలుగా విడదీసి, వాటిని సగటు చేసి, మళ్ళీ కోణంగా మార్చాలి. గాలి సెకనుకు అర మీటరు కంటే తక్కువ ఉన్నప్పుడు రెక్క చివరిసారి ఎటు తిరిగిందో అటే నిలిచి ఉంటుంది. ఆ రీడింగును దిక్కుగా తీసుకోకూడదు, "నిశ్చలం" అని రాయాలి. ఉత్తరం పెట్టడానికి ఇనుప స్తంభం పక్కన దిక్సూచి నమ్మదగ్గది కాదు. ఉపగ్రహ పటంలో పిట్టగోడ అంచు కోణం చూసి దాన్నిబట్టి రెక్కను బిగించడం మేలు.

తేమ కొలిచే సెన్సర్లలో డీహెచ్‌టీ22 చవక, కానీ మంచు పట్టిన ఉదయాల్లో 100 దగ్గర అతుక్కుని, ఎండ వచ్చాక కూడా ఆలస్యంగా దిగుతుంది. మనకు కావాల్సింది సరిగ్గా ఆ దిగే గంటే. ఎస్‌హెచ్‌టీ31 ఆ విషయంలో నయం. దానికి నీడగూడు: మొక్కల కుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్ళేలు ఏడెనిమిది, మధ్యలో 15 మి.మీ. ఎడంతో బోర్లా పేర్చి, నడుమ పళ్ళేలకు చిల్లి పెట్టాలి. కాంక్రీటు శ్లాబు మీద ఎత్తు తక్కువగా పెడితే శ్లాబు వేడికి ఉష్ణోగ్రత ఎక్కువ, తేమ తక్కువ చూపిస్తుంది. డాబా నుంచి రెండు మీటర్లు పైకి, పిట్టగోడకు దూరంగా పెట్టాలి. గోడకు తగిలి లేచే సుడి కడ్డీలనూ తప్పుదారి పట్టిస్తుంది.

సంక్రాంతి మూడు రోజులూ కప్పుల మీటరు దించేయండి. మాంజా చుట్టుకుంటే ఇరుసు పోతుంది. భోగి తెల్లవారుజామున తీసిన కడ్డీ మసితో నల్లగా వస్తుంది, లెక్కకు పనికిరాదు. అన్నట్టు, పుప్పొడికీ గాలిపటానికీ పాత చుట్టరికమే ఉంది. 1873లో మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ గడ్డి జ్వరానికి (హే ఫీవర్) పుప్పొడే కారణమని చూపిస్తూ, జిగురు పలకల్ని గాలిపటానికి కట్టి ఎగరేసి పై గాలిలో కూడా పుప్పొడి ఉంటుందని పట్టుకున్నాడు.

ఫిబ్రవరి: పూత ముమ్మరం

నెమలినార పూత మొదలయ్యాక రెండు గంటల కడ్డీలు ఒక క్రమంలో పడుతున్నాయి. తెల్లవారుజామున దాదాపు ఖాళీ. ఎనిమిది నుంచి పది మధ్య మొదలు. పది నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కువ. మధ్యాహ్నం రెండు దాటాక గాలి బాగా వీస్తున్నా తగ్గుదల. పొద్దు వాలే వేళ మళ్ళీ ఒక చిన్న గుట్ట. గాలి వేగం ఒక్కదానితో దీన్ని పోల్చి చూస్తే ఏమీ అర్థం కాదు. మూడు పనులు వేర్వేరు గంటల్లో జరుగుతున్నాయని చూస్తేనే అర్థమవుతుంది.

మొదటి పని, పుప్పొడి తిత్తి పగలడం. అది ఆరితేనే పగులుతుంది. తేమ శాతం కంటే, గాలి ఇంకా ఎంత ఆవిరిని పీల్చుకోగలదో చెప్పే వీపీడీ (వేపర్ ప్రెషర్ డెఫిసిట్) దీనికి మంచి కొలత. లెక్క: 0.6108ని, 17.27 రెట్ల ఉష్ణోగ్రతను ఉష్ణోగ్రతకు 237.3 కలిపిన దానితో భాగించగా వచ్చిన ఘాతానికి ఎక్స్‌పొనెన్షియల్ తీసి హెచ్చవేస్తే సంతృప్త పీడనం కిలోపాస్కల్స్‌లో వస్తుంది. అందులో తేమ శాతం పోగా మిగిలిందే వీపీడీ. ఫిబ్రవరి పొద్దున 18 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 0.41 కిలోపాస్కల్. 24 డిగ్రీలకు, 60 శాతానికి వచ్చేసరికి 1.19. మధ్యాహ్నం 31 డిగ్రీలు, 30 శాతం అయితే 3.14. మా కడ్డీల్లో లెక్క పెరగడం వీపీడీ ఒకటి దాటే చోట మొదలవుతోంది. మంచు దట్టంగా ఉన్న రోజు ఆ గంట ఆలస్యమవుతుంది, లెక్క కూడా అంతే ఆలస్యమవుతుంది. ఒక కొమ్మ తెచ్చి భూతద్దం కింద పెడితే ఇది కళ్ళారా చూడొచ్చు. తడి గుడ్డ కప్పి ఉంచినంతసేపు తిత్తులు మూసే ఉంటాయి, గుడ్డ తీసి టేబుల్ ఫ్యాను గాలికి పెట్టాక పగులు గీత విచ్చుకుని నల్ల కాగితం మీద లేత పసుపు పొడి రాలుతుంది.

రెండో పని, ఊపడం. ఆకుల్లేని కొమ్మకు గాలిని ఆపేదేమీ లేదు, సెకనుకు రెండు మూడు మీటర్ల విసురు చాలు. నిలకడగా వీచే గాలి కంటే ఆగి ఆగి వచ్చే విసురు ఎక్కువ రాలుస్తుంది. ఆ రోజుకు పగిలిన తిత్తులు ఖాళీ అయ్యాక మాత్రం ఎంత గాలి వీచినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు. మధ్యాహ్నపు తగ్గుదలలో కొంత ఇదే.

మూడో పని, కలిసిపోవడం. ఎక్కువమంది లెక్కలోకి తీసుకోనిది ఇదే. 30 మైక్రాన్ల రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 2.7 సెం.మీ. చొప్పున దిగుతుంది. 15 మీటర్ల చెట్టు పైనుంచి నేల చేరడానికి 9 నిమిషాలు, ఆ లోపు సెకనుకు 2 మీటర్ల గాలి దాన్ని 1.1 కిలోమీటరు మోసుకుపోతుంది. కాగితం మీద లెక్క ఇంతే. మధ్యాహ్నం నేల కాగి గాలి సెకనుకు మీటరు వేగంతో పైకి లేస్తుంటే 2.7 సెం.మీ. దిగుడు ఏ మూలకు? రేణువులు కిలోమీటరు పైదాకా లేచి పలచబడిపోతాయి. అందుకే మధ్యాహ్నం చెట్టు ఇంకా కొంత వదులుతున్నా ముక్కు ఎత్తులో తక్కువ. సాయంత్రం నేల చల్లబడి ఆ లేపుడు ఆగిపోగానే పైనున్నవి దిగడం మొదలుపెడతాయి. పొద్దు వాలే గుట్ట అదే. అప్పుడు చెట్టు కింద నిలబడి కొమ్మ దులిపినా పెద్దగా రాలదు, కడ్డీ మీద మాత్రం దొరుకుతుంది.

బేగంపేటలో వాతావరణ శాఖ తెల్లవారుజామున 5.30కి ఎగరేసే బెలూన్ రికార్డు ఇక్కడ పనికొస్తుంది. కింద చల్లగా, పైన వెచ్చగా మూత పడ్డట్టు ఉన్న రోజు ఆ మూత విడేవరకు విడుదలైనదంతా కింది పొరలోనే తిరుగుతుంది. మూత ఆలస్యంగా విడి, వీపీడీ ముందే ఒకటి దాటిన రోజే ఉబ్బసం ఉన్నవాళ్ళకు గడ్డు రోజు. గాలి గట్టిగా వీచే రోజు కాదు.

దిక్కు సంగతి: మాకు ఆగ్నేయ గాలి వీస్తేనే చెట్ల వరుస సూటిగా తగులుతుంది. ఫిబ్రవరిలో నగరానికి తూర్పు, ఆగ్నేయ గాలులే ఎక్కువ కాబట్టి ఇది కలిసొచ్చింది. పడమటి గాలి వీచిన గంటల్లో కూడా లెక్క సున్నా కాదు. దూరపు చెట్ల నుంచి వచ్చి బాగా కలిసిపోయిన నేపథ్యం అది. దగ్గరి చెట్టు ప్రభావం చెప్పాలంటే ఆగ్నేయ గంటల లెక్కలోంచి దీన్ని తీసేయాలి. గాలి ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి గీసే హైస్ప్లిట్ లాంటి కంప్యూటరు నమూనాలు వాడమని సలహా ఇస్తుంటారు. వాటికి ఇచ్చే వాతావరణ గళ్ళు సాధారణంగా పాతిక కిలోమీటర్లకు ఒకటి. 250 మీటర్ల ఎడంలో ఉన్న చెట్టును అవి చూడలేవు. దూరప్రాంతపు పుప్పొడికి సరే, గోడవతలి చెట్టుకు గాలి రెక్కే దిక్కు.

మార్చి: హోలీ పిండి, ఎగిరే కాగితం విత్తనాలు

హోలీ రోజు, ఆ మర్నాడు కడ్డీలు గుండ్రటి రేణువులతో నిండిపోతాయి. గులాల్‌లో ఎక్కువగా ఉండేది మొక్కజొన్న పిండి, ఆ రేణువులు 10 నుంచి 20 మైక్రాన్లు. తొందరలో చూస్తే చిన్న పుప్పొడి అనుకునే ప్రమాదం ఉంది. ఇంకో కడ్డీ మీద ఒక చుక్క అయోడిన్ వేస్తే పిండి నీలి నలుపు తిరుగుతుంది. రేణువు మీద రంధ్రాలూ గాళ్ళూ ఉండవు. ఆ రెండు రోజుల సగటును నెల లెక్కలో కలపలేదు.

నెల మధ్యకొచ్చేసరికి నెమలినార పూత అయిపోయి, రూపాయి బిళ్ళంత పల్చటి రెక్క విత్తనాలు గుత్తులుగా వేలాడతాయి, తర్వాత ఎండి గాలికి వీధులన్నీ చిమ్ముకుపోతాయి. చెట్టు మీద ఫిర్యాదులు సరిగ్గా అప్పుడు మొదలవుతాయి, కడ్డీ మీద దాని పుప్పొడి సన్నగిల్లాక. బూరుగు దూదిదీ అదే కథ, దూది ఎగిరేది కాయ పగిలాక. కొట్టేయాలా వద్దా అని వాదించుకునే ముందు ఏ నెలలో ఏది కడ్డీ మీద పడిందో చూడాలి. ఎర్ర తురాయి పుప్పొడి పెద్దది, జిగటది, చెట్టు కిందే తప్ప డాబా మీదికి రాదు. వేప కూడా అంతే, పూత వాసన వీధంతా వచ్చినా పుప్పొడి అరుదు.

రోడ్డు పక్కన రెండో కడ్డీ యంత్రం మనిషి ఎత్తులో పెడితే ఇంకో సంగతి బయటపడుతుంది. పూత అయిపోయిన జాతుల రేణువులు ముడతలుపడి, నలిగి, దుమ్ముతో కలిసి దొరుకుతాయి. నేల మీద పడ్డది బండ్ల విసురుకు మళ్ళీ లేస్తోంది. డాబా మీద ఇవి తక్కువ. నలిగినవాటిని వేరే గడిలో రాస్తున్నాం, కొత్త విడుదలతో కలపకుండా.

ఏప్రిల్: ఈదురుగాలి, అకాల వర్షం

నిలకడగా అరగంట కురిసిన వాన తర్వాత కడ్డీ దాదాపు శుభ్రంగా వస్తుంది. 20, 30 మైక్రాన్ల రేణువులను చినుకులు బాగానే పట్టుకుంటాయి. కానీ మన ఏప్రిల్ వానకు ముందు ఈదురుగాలి వస్తుంది. మబ్బు కిందనుంచి దిగే చల్లటి గాలి నేలకు తగిలి పక్కకు పరుచుకుంటూ డాబాల మీద, రోడ్ల మీద ఉన్నదంతా ఊడ్చి లేపుతుంది. వాన గేజీ మొదటి ఒరుగుడుకు ముందు పది పదిహేను నిమిషాల కడ్డీ, తర్వాత కడ్డీ ఒకటి కావు. రెండు గంటల విడతలో పెడితే రెండూ కలిసి మామూలు రోజులా కనిపిస్తాయి. కాబట్టి ఈ నెలకు ప్రోగ్రాములో ఒక షరతు కలపాలి: పదినిమిషాల్లో ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పడిపోయి, విసురు సెకనుకు 8 మీటర్లు దాటితే మోటారు ఆగాలి, ఫోనుకు సందేశం రావాలి. వెంటనే కొత్త కడ్డీలు వేసి విడిగా తిప్పాలి. పిడుగులు పడుతుంటే డాబా ఎక్కవద్దు, ఆ లెక్క పోతే పోనీ.

ఇంకో హెచ్చరిక. తడిసిన పుప్పొడి నీళ్ళు పీల్చి పగిలి, లోపలి పిండి కణాలు మైక్రాన్ల సైజులో బయటపడవచ్చు. అవి ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుములతో వచ్చిన తుఫాను గాలికి రై గడ్డి పుప్పొడితో వేలమందికి ఉబ్బసం వచ్చి పదిమంది చనిపోయారు. అది గడ్డి జాతి, నెమలినార కాదు. కానీ యంత్రం విషయంలో పాఠం వర్తిస్తుంది: మా కడ్డీలు 5 మైక్రాన్ల ముక్కను పట్టవు. వాన తర్వాత కడ్డీ ఖాళీగా ఉందంటే పూర్తి రేణువులు లేవని మాత్రమే అర్థం, గాలి శుభ్రమని కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈదురుగాలి మొదలవగానే కిటికీలు వేసుకుని, వాన ఆగిన కాసేపటి దాకా తెరవకుండా ఉంటే మంచిది. ఫిబ్రవరిలో అయితే ఉతికిన బట్టలు పది గంటల ముందే డాబా మీంచి తీసేయడం, లేదా లోపల ఆరేయడం.

ఇక చేయాల్సినవి

పావురాలు స్తంభం అడ్డకమ్మీ మీద కూర్చుంటున్నాయి, ఈకల నుసి కడ్డీల్లో దొరుకుతోంది. ప్లాస్టిక్ ముళ్ళ పట్టీ తెప్పించాలి. తొడుగు సర్వోకు ఎండ తగిలి గేరు వదులైంది, లోహపు గేరున్నది వేసి పైన నీడ రేకు పెట్టాలి.

రెండో యంత్రం బాపట్ల వైపు పెట్టాలి, సూర్యలంక నుంచి లోపలికి సరుగుడు తోటల వెనక. అక్కడ ప్రశ్నే వేరు: పొద్దున నేల గాలి పుప్పొడిని సముద్రం మీదికి తోస్తుంది, పగటిపూట సముద్రపు గాలి మొదలయ్యాక ఊళ్ళవైపు తిప్పుతుంది. గాలి దిక్కు తిరిగే ఆ గంటకు ముందూ వెనకా అరగంటకొక కడ్డీ కావాలి, రెండు గంటలది చాలదు. ఉప్పు గాలికి మోటారు బేరింగు, హాల్ సెన్సరు కాళ్ళు తుప్పుపడతాయి కాబట్టి బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ (తడి చేరకుండా పూసే పల్చటి పూత), బిగింపులన్నీ స్టెయిన్‌లెస్ 304కు బదులు ఉప్పును ఎక్కువ తట్టుకునే 316. ఉప్పు స్ఫటికాలు కడ్డీ మీద చతురస్రాలుగా కనిపిస్తాయి, కాల్బెర్లా చుక్కలో నీళ్ళుంటాయి కనుక పది నిమిషాల్లో కరిగిపోతాయి. కరగకపోతే అది ఉప్పు కాదు, ఇసుక.

జూన్‌లో పడమటి గాలులు ముదిరేలోపు హైదరాబాదు స్తంభానికి మూడో స్టే వైరు కట్టాలి. ఇప్పుడున్న రెండు వైర్లకు స్తంభం కొద్దిగా ఊగుతోంది, ఆ ఊపుకు తొడుగు పైపు కడ్డీకి రాసుకోకుండా 8 మి.మీ. ఎడం మాత్రమే మిగిలింది.